అరువు నేల: 'మోసగాళ్ళకు మోసగాడు' నిర్మాణం - తెలుగు కౌబాయ్ చిత్రంలో సీమ స్థానం

వ్యాససంగ్రహం

1971 ఆగస్టు 27న విడుదలైన 'మోసగాళ్ళకు మోసగాడు' భారతదేశంలో తొలి కౌబాయ్ చిత్రంగా ప్రసిద్ధి పొందింది. కథానాయకుని సాహసం, విదేశీ చిత్రాల ప్రభావం, వ్యాపార విజయం అనే కోణాల నుంచే ఈ చిత్రాన్ని గురించి ఎక్కువగా మాట్లాడుకోవడం కనిపిస్తుంది. ఈ వ్యాసం దానిని స్థలం దృష్టితో పరిశీలిస్తుంది. కర్నూలు ప్రాంతపు సంస్థాన కథగా మొదలయ్యే ఈ చిత్రం రాజస్థాన్ ఎడారిలో రూపుదిద్దుకుంది. కథకు సీమ పేరు దక్కింది గాని, తెరమీద సీమ నేలకు చోటు దక్కలేదు. ఈ ఎంపికకు కారణాలేమిటి, దక్షిణ రాయలసీమ పాలెగాళ్ళ చరిత్రతో పోల్చినప్పుడు దాని పర్యవసానాలేమిటి అనే ప్రశ్నలను చర్చించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: కౌబాయ్ చిత్రం, కె.ఎస్.ఆర్. దాస్, ఆరుద్ర, పాలెగాళ్ళు, చిత్తూరు, వెంకటగిరి, రాయలసీమ, స్థలం.

1. ఉపోద్ఘాతం

సినిమాలో స్థలం రెండు విధాలుగా ఉంటుంది. ఒకటి కథ జరిగే చోటు. రెండోది కెమెరా నిలబడిన చోటు. ఈ రెండూ ఒకటే కావాలనే నియమం ఏ సినిమా పరిశ్రమలోనూ లేదు. అయితే ఒక ప్రాంతం పదేపదే కథాస్థలంగా మాత్రమే మిగిలిపోయి, దాని కొండలు, చెరువులు, అడవులు తెరకెక్కకుండా పోతే, ఆ ప్రాంతాన్ని గురించి ప్రేక్షకుని మనసులో నిలిచే రూపం వేరొక ప్రాంతం నుంచి తెచ్చి అతికించినదే అవుతుంది. రాయలసీమ విషయంలో ఇది ఒకటి రెండు చిత్రాలకు పరిమితమైన సంగతి కాదు. దీనికి ప్రముఖమైన తొలి ఉదాహరణలలో ఒకటి 'మోసగాళ్ళకు మోసగాడు'.

ఈ చిత్రానికీ నేటి తిరుపతి జిల్లాకూ ఒక ప్రత్యక్ష సంబంధం కూడా ఉంది. దర్శకుడు కె.ఎస్.ఆర్. దాస్ స్వస్థలం వెంకటగిరి. ఆయన జీవితకాలంలో నెల్లూరు జిల్లాలో ఉన్న ఆ పట్టణం 2022 ఏప్రిల్‌లో తిరుపతి జిల్లా ఏర్పడినప్పుడు ఇందులో చేరింది. ఆ విధంగా తొలి తెలుగు కౌబాయ్ చిత్ర దర్శకుడు ఈ జిల్లావాడని నేడు చెప్పుకోవచ్చు.

2. వెస్టర్న్ ప్రక్రియలో స్థలం

వెస్టర్న్ చిత్రం అమెరికా పడమటి సరిహద్దు భూముల కథ. చట్టం ఇంకా పూర్తిగా చేరని నేల, గుర్రం, తుపాకి, ఒంటరి వీరుడు దాని ప్రధానాంశాలు. ఈ ప్రక్రియకు దృశ్యరూపాన్ని స్థిరపరచినవారిలో జాన్ ఫోర్డ్ ముఖ్యుడు. 'స్టేజ్‌కోచ్' (1939) మొదలుకొని ఆయన అనేక చిత్రాలను మాన్యుమెంట్ వ్యాలీలో తీశాడు. అరిజోనా, యూటా రాష్ట్రాల సరిహద్దులోని ఆ ఎర్ర రాతి స్తంభాలు క్రమంగా పడమటి అమెరికా మొత్తానికీ ప్రతీకలయ్యాయి. ఆయన తీసిన 'ది సెర్చర్స్' (1956) కథ టెక్సాస్‌లో మొదలవుతుంది. కాని తెరమీద కనిపించేది మాన్యుమెంట్ వ్యాలీయే. అంటే స్థలాన్ని అరువు తెచ్చుకోవడం వెస్టర్న్ పుట్టినింటిలోనే మొదలైంది.

ఇటలీ దర్శకుడు సెర్జియో లియోనె ఈ అరువును మరింత దూరం తీసుకుపోయాడు. 'ఎ ఫిస్ట్‌ఫుల్ ఆఫ్ డాలర్స్' (1964), 'ఫర్ ఎ ఫ్యూ డాలర్స్ మోర్' (1965), 'ది గుడ్, ది బ్యాడ్ అండ్ ది అగ్లీ' (1966) చిత్రాలలోని అమెరికా, మెక్సికో దృశ్యాలలో ఎక్కువ భాగం స్పెయిన్‌లోని అల్మేరియా ఎడారి ప్రాంతంలో తీసినవి. మొదటి చిత్రానికి కథామూలం జపాన్ దర్శకుడు అకిరా కురొసావా 'యోజింబో' (1961). స్పెయిన్ నేల, జపాన్ కథ, ఇటలీ దర్శకుడు, అమెరికా కథానాయకుడు కలిసిన ఈ చిత్రాలు ఒక సంగతిని రుజువు చేశాయి. వెస్టర్న్ తీయడానికి అమెరికా అవసరం లేదు. ఎండ, దుమ్ము, ఖాళీ ఉన్న నేల దొరికితే చాలు.

లియోనె పద్ధతిలో తక్కువ ఖర్చుకు ప్రాధాన్యం ఉంది. ఆయన వాడిన టెక్నిస్కోప్ విధానంలో ఒక్కో చట్రానికి మామూలుగా పట్టే నాలుగు రంధ్రాల ఫిల్ముకు బదులు రెండు రంధ్రాల ఫిల్ము సరిపోయేది. విశాలమైన తెరకు తగిన బొమ్మ సగం ఫిల్ముతోనే వచ్చేది. సంభాషణలను, ధ్వనులను తరువాత స్టూడియోలో చేర్చేవారు. పెద్ద సెట్ల స్థానంలో ఆరుబయలు, సుదీర్ఘ సంభాషణల స్థానంలో ముఖాల సమీప దృశ్యాలు, ఎన్నియో మోరికొనె సంగీతం నిలిచాయి. పరిమిత వనరులున్న భాషా చిత్ర పరిశ్రమలు ఈ ప్రక్రియను సాధ్యమైనదిగా భావించడానికి ఇదొక ముఖ్య కారణం.

3. నిర్మాణ నేపథ్యం

ఆదుర్తి సుబ్బారావు దర్శకత్వంలోని 'తేనె మనసులు' (1965)తో కథానాయకుడైన ఘట్టమనేని కృష్ణ, మరుసటి ఏడు 'గూఢచారి 116'తో సాహస చిత్రాల కథానాయకునిగా గుర్తింపు పొందారు. జేమ్స్ బాండ్ తరహా కథను తెలుగు ప్రేక్షకులు ఆదరిస్తారని ఆ చిత్రం నిరూపించింది. తరువాత ఆయన సోదరులతో కలిసి పద్మాలయా సంస్థను నెలకొల్పారు. సంస్థ తొలి చిత్రం 'అగ్నిపరీక్ష' (1970) ఆశించిన ఫలితం ఇవ్వలేదు. రెండో ప్రయత్నంగా సురక్షితమైన కుటుంబ కథను కాక, దేశంలో అంతవరకు ఎవరూ చేపట్టని ప్రక్రియను ఎంచుకోవడం ఈ చిత్ర నిర్మాణంలో మొదటి సాహసం.

ఆ కాలానికి మద్రాసులో ఇంగ్లీషు చిత్రాల ప్రదర్శన విరివిగా ఉండేది. లియోనె చిత్రాలతోపాటు గ్రెగరీ పెక్, ఒమర్ షరీఫ్ నటించిన 'మెకన్నాస్ గోల్డ్' (1969) భారతీయ ప్రేక్షకులను విశేషంగా ఆకర్షించింది. దాచిన బంగారం కోసం పరస్పరం నమ్మకం లేని మనుషులు కలిసి ప్రయాణించడం ఆ చిత్ర కథాసూత్రం. 'మోసగాళ్ళకు మోసగాడు' లియోనె నుంచి పాత్రల స్వభావాన్ని, 'మెకన్నాస్ గోల్డ్' నుంచి నిధి వేటను తీసుకున్నదని చెప్పవచ్చు.

నిర్మాణ బాధ్యతలను కృష్ణ సోదరుడు జి. ఆదిశేషగిరిరావు వహించారు. కథ, సంభాషణలు ఆరుద్ర, ఛాయాగ్రహణం వి.ఎస్.ఆర్. స్వామి; సంగీతం పి. ఆదినారాయణరావు. కృష్ణ, విజయనిర్మల, నాగభూషణం ప్రధాన పాత్రలు ధరించారు. సత్యనారాయణ, జ్యోతిలక్ష్మి ఇతర ముఖ్య నటులు. దర్శకత్వం కె.ఎస్.ఆర్. దాస్‌కు అప్పగించారు. అంతకుముందు ఏడాది విజయలలిత కథానాయికగా ఆయన తీసిన 'రౌడీ రాణి' ఒక స్త్రీ పాత్ర చేత గుర్రమెక్కించి, పోరాటాలు చేయించి విజయం సాధించింది. వేగంగా తీయడం, పోరాట దృశ్యాలను నడపడం తెలిసిన దర్శకుడు ఈ చిత్రానికి అవసరమయ్యాడు.

ఈ సాంకేతిక నిపుణుల కలయికను గమనించాలి. 'సువర్ణ సుందరి' (1957) వంటి జానపద చిత్రానికి శాస్త్రీయ రాగాలతో బాణీలు కట్టిన ఆదినారాయణరావు, గుర్రపు డెక్కల చిత్రానికి సంగీతం సమకూర్చారు. అమెరికా వెస్టర్న్‌లో పాట తప్పనిసరి కాదు. తెలుగు చిత్రానికి పాట తప్పదు. ప్రక్రియ విదేశీయమైనా దానిని తయారుచేసిన చేతులు జానపద చిత్రాలలో, సాంఘిక చిత్రాలలో పనిచేసి వచ్చినవే. తెలుగు కౌబాయ్ చిత్రం ఒక విధంగా కత్తియుద్ధపు జానపద చిత్రానికి వారసురాలు. రాజు దాచిన నిధి, అన్యాయానికి ప్రతీకారం, మారువేషం, మోసానికి మోసం అనే అంశాలు ప్రేక్షకునికి అప్పటికే తెలిసినవి. కత్తి స్థానంలో తుపాకి, కిరీటం స్థానంలో టోపీ వచ్చాయి.

4. ఆరుద్ర రచన: చరిత్ర చట్రం, దేశీయమైన పలుకు

'సమగ్రాంధ్ర సాహిత్యం' రాసిన సాహిత్య చరిత్రకారుడు కౌబాయ్ కథను రాయడం పైకి వింతగా కనిపిస్తుంది. కాని ఆ రచనా స్వభావమే ఈ చిత్రానికి ఒక చరిత్ర చట్రాన్ని ఇచ్చింది. బొబ్బిలి యుద్ధ కాలాన్ని నేపథ్యంగా తీసుకుని, ఆంగ్లేయుల కన్ను అమరవీడు అనే సంస్థానంపై పడటం, ఆ సంస్థానపు నిధి చేతులు మారి మాయమవడం, తరువాతి తరంలో దానికోసం వేట సాగడం కథకు ఆధారాలు. కథాస్థలం కర్నూలు ప్రాంతం.

చారిత్రకంగా బొబ్బిలి యుద్ధం 1757 జనవరి 24న జరిగింది. బొబ్బిలి కోటపై విజయనగర ప్రభువు పూసపాటి విజయరామరాజుతో కలిసి దాడి చేసింది ఫ్రెంచి సేనాని బుస్సీ, ఆంగ్లేయులు కారు. బొబ్బిలికీ కర్నూలుకూ మధ్య వందల కిలోమీటర్ల దూరం ఉంది. కర్నూలు నవాబు రాజ్యం 1839 వరకు కంపెనీ ప్రత్యక్ష పాలనలోకి రాలేదు. వీటిని చిత్ర దోషాలుగా ఎత్తిచూపడం ఇక్కడ ఉద్దేశం కాదు. తెలుగువారి జ్ఞాపకంలో 'బొబ్బిలి' అన్న మాట ఒక సంస్థానం పరాయి తుపాకులకు ఎదురొడ్డి నిలిచిన ఘట్టానికి గుర్తు. ఆ ఒక్క మాటతో రచయిత కథకు కావలసిన నైతిక నేపథ్యాన్ని సాధించాడు. అమెరికా వెస్టర్న్‌లో ఆక్రమణదారు వీరుడు. తెలుగు వెస్టర్న్‌లో ఆక్రమణకు గురైన సంస్థానపు సొత్తు కథకు కేంద్రం. ప్రక్రియలోని ఈ తలకిందులు మార్పు ఆరుద్ర చేసిన ప్రధానమైన దేశీకరణ.

రెండో దేశీకరణ పేర్లలో, పలుకులో ఉంది. లియోనె చిత్రంలోని 'అగ్లీ' తరహా పాత్ర తెలుగులో నాగభూషణం ధరించిన నక్కజిత్తుల నాగన్న అయింది. నక్కజిత్తులు అన్న మాట వినగానే పంచతంత్ర కథల నుంచి పల్లె కథల వరకు ఉన్న పరంపర గుర్తుకు వస్తుంది. చిత్రం పేరు కూడా అటువంటిదే. తాడిని తన్నేవాడుంటే వాడి తలను తన్నేవాడుంటాడనే సామెత భావం అందులో ఇమిడి ఉంది. ప్రేక్షకుడు టోపీని, తుపాకి పట్టీని వింతగా చూసి ఉండవచ్చు. పాత్రల ఎత్తుపైఎత్తులు మాత్రం అతనికి వింత కాలేదు.

ఇక్కడ వెంకటగిరి ప్రస్తావన మరొకసారి అవసరం. బొబ్బిలి సంస్థానాధీశులు తమ మూలాన్ని వెంకటగిరి వెలుగోటి వంశంలో చెప్పుకుంటారు. బొబ్బిలి పేరుతో మొదలయ్యే కథను వెంకటగిరి నుంచి వచ్చిన దర్శకుడు తెరకెక్కించడం యాదృచ్ఛికమే. అయినా సంస్థానం, కోట, వంశ ప్రతిష్ఠ అనేవి ఈ ప్రాంతాలకు కేవలం సినిమా సామగ్రి కావని అది గుర్తుచేస్తుంది.

5. ఎడారి ఎంపిక

కథ, పలుకు, నీతి దేశీయమయ్యాయి. స్థలం మాత్రం కాలేదు. చిత్ర బృందం రాజస్థాన్‌లోని థార్ ఎడారికి, బికనేర్ ప్రాంతానికి తరలివెళ్ళింది. హిమాచల్ కొండ ప్రాంతాలలోనూ కొన్ని దృశ్యాలు తీశారు. ఆ రోజులలో తెలుగు చిత్రాలు ప్రధానంగా మద్రాసు స్టూడియోలలోని సెట్లలో తయారయ్యేవి. నటీనటులను, సాంకేతిక సిబ్బందిని, పరికరాలను వేల కిలోమీటర్లు తీసుకుపోయి ఎడారిలో పనిచేయించడం సామాన్య విషయం కాదు. రంగుల ఫిల్ము అప్పటికి దిగుమతి సరుకు. ఉదకమండలంలో 1967లో ఉత్పత్తి మొదలుపెట్టిన ప్రభుత్వ ఫిల్ము కర్మాగారం నలుపు తెలుపు ఫిల్ముకే పరిమితం. మండే ఎండలో, ఇసుక గాలిలో రంగుల ఫిల్ముతో పనిచేసిన వి.ఎస్.ఆర్. స్వామి ఛాయాగ్రహణం చిత్ర విజయంలో ప్రధాన భాగమైంది.

ఇంత శ్రమ ఎందుకు? ప్రక్రియ కోరిన నేల అది. వెస్టర్న్ ప్రేక్షకుడు ఆశించేది ఖాళీగా ఉన్న దిగంతం. ఒక చివర చిన్న చుక్కగా కనిపించిన గుర్రం క్రమంగా పెద్దదవుతూ రావాలంటే మధ్యలో ఊరు, పొలం, చెరువుకట్ట అడ్డురాకూడదు. రాయలసీమ అటువంటి ఖాళీ నేల కాదు. అది వర్షం తక్కువైన సీమ గాని ఎడారి కాదు. చిత్తూరు ప్రాంతాన్నే తీసుకుంటే గుట్ట కింద చెరువు, చెరువు కింద ఆయకట్టు, ఆయకట్టు అంచున ఊరు, ఊరి పొలిమేరలో గంగమ్మ గుడి కనిపిస్తాయి. మనుషుల జాడ లేని దిగంతం ఇక్కడ దొరకదు.

ఇందులో మరొక విషయం ఉంది. 1975 ఆగస్టు 15న విడుదలైన 'షోలే'కు లియోనె చిత్రాల ప్రభావమే ఉంది. ఆ చిత్ర బృందం బొంబాయి నుంచి దక్షిణానికి వచ్చి, బెంగళూరు సమీపంలోని రామనగరం రాతి గుట్టల మధ్య రామ్‌గఢ్ అనే ఉత్తరాది ఊరిని నిర్మించింది. రామనగరం గుట్టల వంటి నగ్నమైన గ్రానైటు బండలు కుప్పం, పలమనేరు, మదనపల్లె ప్రాంతాలకు కొత్తవి కావు. తెలుగు చిత్రం దక్షిణం నుంచి ఉత్తరానికి ఇసుక కోసం వెళ్ళింది. హిందీ చిత్రం ఉత్తరం నుంచి దక్షిణానికి రాయి కోసం వచ్చింది. సొంత నేలలో సాహసం ఉన్నట్లు ఇరువురికీ తోచలేదు. 'షోలే'కు అవసరమైంది కథలో మనుషులున్న ఊరు. కాబట్టి రాతి గుట్టలు సరిపోయాయి. 'మోసగాళ్ళకు మోసగాడు'కు అవసరమైంది దారి, వేట. కాబట్టి ఎడారి కావలసి వచ్చింది.

6. చిత్తూరు పాలెగాళ్ళు: వాస్తవమైన సరిహద్దు భూమి

సరిహద్దు భూమి అంటే ఒక పాలన ముగిసి మరొకటి ఇంకా పాతుకోని నేల అని అర్థం చెప్పుకుంటే, 18వ శతాబ్ది చివరి నుంచి 19వ శతాబ్ది తొలి సంవత్సరాల వరకు దక్షిణ రాయలసీమ అచ్చమైన సరిహద్దు భూమి. ఆర్కాటు నవాబు, మైసూరు సుల్తాను, నిజాము, మరాఠాలు, కంపెనీ ఒకరి తరువాత ఒకరు ఇక్కడ కప్పం అడిగారు. 1800లో నిజాము దత్తమండలాలను కంపెనీకి అప్పగించాడు. మదనపల్లె, వాయల్పాడు ప్రాంతాలు అందులో భాగం. 1801లో ఆర్కాటు నవాబు రాజ్యం కంపెనీ వశమైనప్పుడు చిత్తూరు, చంద్రగిరి, తిరుపతి ప్రాంతాలు కూడా దాని పాలనలోకి వచ్చాయి. వేర్వేరు దారుల్లో కంపెనీ చేతికి చిక్కిన ఈ భూములు 1911లో చిత్తూరు జిల్లాగా కలిశాయి.

దత్తమండలాలలో దాదాపు 80 మంది పాలెగాళ్ళున్నారు. 1800 నుంచి 1807 వరకు ప్రధాన కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో వారి ఆయుధాలను, కోటలను, వసూలు హక్కులను తొలగించడానికి పూనుకున్నాడు. అదే కాలంలో చిత్తూరు పడమటి పాలెములైన బంగారుపాళెం, కల్లూరు, పులిచెర్ల, పాకాల, మొగరాల వంటివి కంపెనీకి తలనొప్పిగా మారాయి. పాలెగాళ్ళ తిరుగుబాటును అణచడానికి కంపెనీ సైన్యాన్ని నడపవలసి వచ్చింది.

ఈ పోరాటపు స్థలం ఎటువంటిది? పాలెగానికి రక్షణ ఇసుక కాదు, కంప. మట్టికోట చుట్టూ ముళ్ళచెట్ల వలయం, దాని వెనుక గుట్ట, గుట్ట వెనుక అడవి అతని బలం. అతని సైన్యంలో అశ్వికులకంటె కాలిబంట్లు ఎక్కువ. కట్టుబడి బంట్లు ఇనాము భూములు అనుభవిస్తూ, పిలిచినప్పుడు ఈటెలతో, వత్తి తుపాకులతో వచ్చేవారు. వారు సేద్యగాళ్ళే. ఒంటరి వీరుడు అన్న భావన ఇక్కడ పొసగదు. పాలెగాని వెంట ఊళ్ళుంటాయి. అతని మీద కోపమున్న ఊళ్ళు కూడా ఉంటాయి. అతడు కావలి కాసేవాడు, కావలి పేరుతో పీడించేవాడు కూడా. మంచివాడు, చెడ్డవాడు అన్న విభజన అతనికి సులభంగా అమరదు.

వెస్టర్న్ వేషం ఈ వాస్తవాన్ని మూడు చోట్ల మార్చివేస్తుంది. కంప స్థానంలో ఇసుకను, బంట్ల గుంపు స్థానంలో ఒంటరి రౌతును, వత్తి తుపాకి స్థానంలో రివాల్వరును నిలుపుతుంది. కోల్ట్ రివాల్వరుకు పేటెంటు వచ్చింది 1836లో. 18వ శతాబ్ది సంస్థాన నేపథ్యం మీద 19వ శతాబ్ది అమెరికా వేషం కప్పడం వినోదం దృష్ట్యా తప్పు కాదు. నష్టం వేరొకటి. ఎడారిలో పోరాడేవారికి నేల మీద హక్కు ప్రశ్న రాదు. అందరూ ఆ నేలను దాటిపోయేవారే. పాలెగాళ్ళ పోరాటమంతా నేల మీది హక్కు గురించే. స్థలం మారినప్పుడు పోరాటానికి కారణం కూడా మారింది. భూమి స్థానంలో నిధి వచ్చింది.

7. తరువాతి చిత్రాలు

'మోసగాళ్ళకు మోసగాడు' ఘనవిజయం సాధించి తమిళం, హిందీతోపాటు ఇంగ్లీషులోకి కూడా అనువాదమైంది. చిరంజీవి 'కొదమసింహం' (1990), మహేశ్‌బాబు 'టక్కరి దొంగ' (2002) ఆ దారినే నడిచాయి. కృష్ణ మరణానంతరం వచ్చిన తొలి జయంతినాడు, 2023 మే 31న, ఈ చిత్రం 4కె రూపంలో మళ్ళీ విడుదలై కొత్త తరాన్ని చేరింది.

స్థలాన్ని అరువు తెచ్చుకునే పద్ధతి కౌబాయ్ చిత్రాలతో ఆగిపోలేదు. 1847లో కోయిలకుంట్లలో ఉరితీయబడిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కథగా వచ్చిన 'సైరా' (2019) యుద్ధ దృశ్యాలు జార్జియా దేశంలో తీశారు. 'పుష్ప' (2021) మరింత దగ్గరి ఉదాహరణ. శేషాచలం ఎర్రచందనం కథకు ఆధారం. చిత్తూరు యాస దాని ప్రాణం. ఆ పాత్రకు అల్లు అర్జున్ జాతీయ ఉత్తమ నటుడయ్యారు. కాని అడవి దృశ్యాలలో అధికభాగం తూర్పు కనుమలలోని మారేడుమిల్లిలో తీసినవి. ఎర్రచందనం శేషాచలం, పాలకొండలు, వాటి పరిసరాలలోని పొడి రాతి నేలల్లో పెరిగే చెట్టు. మారేడుమిల్లి తేమ నిండిన పచ్చని అడవి. ఆ చెట్టు ఆ అడవిలో సహజంగా పెరగదు. రక్షిత అడవిలో చిత్రీకరణకు ఉండే పరిమితులు నిర్మాతలకు ఇబ్బందే. అయినా ఫలితం ఒక్కటే. యాభై ఏళ్ళ క్రితం పేరు మాత్రమే ఇచ్చిన సీమ, ఈసారి పేరుతోపాటు మాటను కూడా ఇచ్చింది. నేల మాత్రం ఇప్పటికీ అరువుదే.

8. ముగింపు

పై పరిశీలన ద్వారా కింది అంశాలు తేలుతున్నాయి.

1. 'మోసగాళ్ళకు మోసగాడు' విదేశీ చిత్రాల అనుకరణగా మాత్రమే చూడదగినది కాదు. సంస్థాన చరిత్ర చట్రం, జానపద చిత్ర సంప్రదాయం, సామెత వంటి పలుకు దానిని తెలుగు చిత్రంగా మలిచాయి. ఆక్రమణదారు పక్షాన నిలిచే ప్రక్రియను ఆక్రమణకు గురైనవారి పక్షానికి తిప్పడం ఆరుద్ర సాధించిన విశేషం.

2. రాజస్థాన్ ఎడారిని ఎంచుకోవడం ప్రక్రియ కోరిక మేరకు జరిగింది. వెస్టర్న్‌కు మనుషులు లేని నేల కావాలి; రాయలసీమ మనుషులున్న నేల.

3. ఆ ఎంపిక వల్ల పాలెగాళ్ళ చరిత్రలోని భూమి ప్రశ్న నిధి వేటగా మారింది. సీమ అంటే ఎడారి అనే అపోహకు తెరమీది ఇసుక ఊతమిచ్చింది.

4. 'సైరా', 'పుష్ప' చిత్రాలను బట్టి ఈ పద్ధతి నేటికీ కొనసాగుతున్నదని తెలుస్తుంది.

వెంకటగిరి నుంచి మద్రాసుకు, మద్రాసు నుంచి బికనేరుకు వెళ్ళి కె.ఎస్.ఆర్. దాస్ తెలుగు తెరకు ఒక కొత్త దిగంతాన్ని చూపించాడు. ఆయన బృందం చేసిన సాహసం విలువ తగ్గేది కాదు. అయితే పాలెగాని కంపకోట, చెరువుకట్ట, కాలిబంటు ఇంకా తమ చిత్రం కోసం ఎదురుచూస్తూనే ఉన్నాయి. బంగారుపాళెం గుట్టల మీదో, పులిచెర్ల చెరువు కిందో కెమెరా నిలిచిన రోజున సీమ కథకు దాని సొంత నేల దక్కుతుంది.